నాన్నకి కోవిడ్, ఫ్లూ రెండూ పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది, నమ్మాలా?

తెనాలి_పిల్ల:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదే, కంగారులో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా నాన్నకి 67. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, బీపీకి ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వాడతారు. పండక్కి అందరం తెనాలిలో చేరాం. తమ్ముడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో ముక్కు చీదుకుంటూ దిగాడు, ఏంట్రా అంటే ఏసీ పడలేదక్కా అన్నాడు. భోగి మంట దగ్గర నాన్న పక్కనే నుంచుని దగ్గాడు కూడా, ఇప్పుడు గుర్తొస్తే వాడికి నాలుగు తగిలించాలనిపిస్తోంది. కనుమ సాయంత్రానికి నాన్నకి చలి మొదలైంది, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు, జ్వరం 102.5. ఒళ్లంతా రోకలితో దంచినట్టుందమ్మా అన్నారు, గారెలు ముట్టుకోలేదు. మా నాన్న గారెలు వద్దన్నారంటేనే నాకు భయం వేసింది.

మర్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి ఒక ఇంజెక్షన్ చేసి, అజిత్రోమైసిన్, డోలో, ఇంకా పేరు లేని ఒక చిన్న తెల్ల బిళ్ల కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. ఇవాళ పొద్దున గుంటూరు తీసుకెళ్లాం. అక్కడి ఫిజీషియన్ ముక్కులోంచి స్వాబ్ తీయించారు, సాయంత్రానికి ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. సార్స్ కోవ్-2 డిటెక్టెడ్. ఇన్‌ఫ్లుయెంజా ఎ డిటెక్టెడ్. ఇన్‌ఫ్లుయెంజా బి, ఆర్‌ఎస్‌వి (అదీ ఊపిరితిత్తులకి వచ్చే ఇంకో వైరస్సట) లేవు. పక్కన సీటీ అని అంకెలు, ఫ్లూకి 19, కోవిడ్‌కి 31.

డాక్టర్ ఫోన్‌లోనే ఒసెల్టామివిర్ రాసిచ్చారు, కోవిడ్ సంగతి రేపు వచ్చాక మాట్లాడదాం అన్నారు. మాత్రలు తెచ్చాం కానీ ఇంకా వెయ్యలేదు. ఎందుకంటే ఇంట్లో రెండు పార్టీలు అయ్యాయి. మామయ్య ఏమో ఒంట్లో ఒక వైరస్ ఉండగా ఇంకోటి రాదు, ల్యాబ్ వాళ్లు ఎవరిదో నాన్న శాంపిల్‌లో కలిపేసి ఉంటారు, రేపు ఇంకోచోట చేయించాకే మందులు అంటున్నారు. బాబాయ్ ఏమో 2021లో నన్ను బతికించింది స్టెరాయిడ్డే, అది రాయకుండా ఈ ఫ్లూ మాత్రలేంటి అంటున్నాడు.

ఇంకో రెండు సంగతులు. షుగర్ ఎప్పుడూ 160, 170 ఉండేది ఇవాళ 342. ఆక్సీమీటర్‌లో 95, 96 చూపిస్తోంది, తెల్లవారుజామున ఒకసారి 90 చూపించింది, నా ప్రాణం పోయింది, చేతులు రుద్ది మళ్లీ పెడితే 96. కోవిడ్ టీకాలు మూడు డోసులూ అయ్యాయి, ఫ్లూ టీకా ఎప్పుడూ వేయించలేదు. ఏం చెయ్యమంటారు?

---

ఊపిరి_పీజీ:

పల్మనాలజీలో పీజీ చేస్తున్నాను. ముందు ఆ ఒసెల్టామివిర్ మొదటి మాత్ర ఇప్పుడే వేసేయండి. మీ డాక్టర్ చూసి రాసిందే, నేను కొత్తగా చెప్పేది కాదు. ఆ మందు జ్వరం మొదలైన 48 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది, మీరు చెప్పిన లెక్క ప్రకారం ఆ గడువు ఈ రాత్రికే. రేపు ఇంకో ల్యాబు, ఎల్లుండి ఇంకో రిపోర్టు అనుకుంటూ కూర్చుంటే మందు ఉండీ లేనట్టే. కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే మాత్రం డాక్టర్‌కి చెప్పండి, డోసు మారుతుంది.

రెండోది, ఆ తెల్ల బిళ్ల ఆపి, అదేమిటో ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి అడగండి. 342 షుగర్ చూస్తే నాకు అనుమానంగా ఉంది. మిగతాది డ్యూటీ దిగాక రాస్తాను.

---

స్వాబ్_గాడు:

మామయ్యగారికి ల్యాబ్ టెక్నీషియన్ తరఫున జవాబు. పదకొండేళ్లుగా ఇదే పని.

పుల్ల ముక్కులో తిప్పి గులాబీ రంగు ద్రవం ఉన్న గొట్టంలో వేస్తారు చూడండి, అందులోంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం తీసి మెషీన్‌లో పెడతాం. ఒకే చిన్న గొట్టంలో కోవిడ్‌కి ఒక రంగు, ఫ్లూ ఎ కి ఒకటి, బి కి ఒకటి, ఇలా వేరే వేరే రంగుల గుర్తులు ఉంటాయి, మెషీన్ ఏ రంగుకి ఆ రంగు విడిగా చదువుతుంది. ఇంకో రంగు మనిషి జన్యువుకి, అంటే పుల్ల నిజంగా ముక్కులో తిరిగిందా, గాల్లో తిప్పి పెట్టారా అని తెలియడానికి (నవ్వకండి, 2020లో అలాంటివీ చూశాం). కాబట్టి కోవిడ్‌ని చూసి మెషీన్ ఫ్లూ అనుకోవడం జరగదు. ఒక శాంపిల్ తుంపర ఇంకోదాంట్లో పడడం మాత్రం జరగొచ్చు, అందుకే ప్రతి బ్యాచ్‌లో వట్టి నీళ్లతో ఒక నెగటివ్ కంట్రోల్ పెడతాం. అది శుభ్రంగా వచ్చిందా అని ఫోన్ చేసి అడగండి, మంచి ల్యాబ్ అయితే విసుక్కోకుండా చెబుతారు.

సీటీ అంటే వైరస్ కనపడడానికి ఎన్ని రౌండ్లు తిప్పాల్సి వచ్చింది అని. అంకె తక్కువైతే సరుకు ఎక్కువ. ఫ్లూ 19 అంటే ముక్కు నిండా ఉంది, అందులో డౌటే లేదు. కోవిడ్ 31 అంటే కొంచెమే దొరికింది. అది ఇప్పుడే మొదలవుతున్నది కావచ్చు, కొన్ని వారాల కిందట తెలియకుండా వచ్చిపోయిన దాని తోక కూడా కావచ్చు, పీసీఆర్, అంటే ఈ మెషీన్ టెస్టు, అలాంటి చచ్చిన ముక్కల్ని కూడా పట్టేస్తుంది. ఒక్క రిపోర్టుతో ఏదని తేల్చలేం. ఈ అంకెల్ని బట్టి జబ్బు ఎంత ముదిరిందో చెప్పకూడదు కూడా, వాట్సాప్‌లో చాలామంది అదే పని చేస్తుంటారు.

నిజానికి మీ డాక్టర్‌కి దండం పెట్టాలి. మా దగ్గరికి వచ్చే చీటీల్లో ఎక్కువ వాటిల్లో కోవిడ్ ఒక్కటే రాసి ఉంటుంది, పాజిటివ్ రాగానే దొంగ దొరికాడని వెతకడం ఆపేస్తారు. రెండూ చూసే ప్యానెల్‌కి డబ్బులు ఎక్కువవుతాయి, అదో కారణం. కోవిడ్ ఒక్కటే చేసుంటే మీ నాన్నగారికి ఫ్లూ ఉన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు, ఆ మాత్రా పడేది కాదు.

---

రచ్చబండ_రావు:

ఇదే కదా ఆ మధ్య ఫ్లూరోనా అని గోల చేశారు, రెండూ కలిసి కొత్త వైరస్ పుట్టింది, దీనికి మందే లేదు అని. అంతా ల్యాబుల బిజినెస్ అమ్మా. మా చిన్నప్పుడు జ్వరం అంటే జ్వరమే, దానికి పేరు పెట్టేవాళ్లం కాదు. మిరియాల కషాయం, పసుపు వేసి ఆవిరి, మూడు రోజులు లంఖణం. చూడండి ఎలా తగ్గదో.

---

లెస్టర్_లక్ష్మి:

రావుగారూ, షుగర్ ఉన్న 67 ఏళ్ల మనిషికి లంఖణం చెప్పకండి దయచేసి. కషాయం తాగితే తాగనివ్వండి, గొంతుకి హాయి.

మాది భీమవరం, ఇక్కడ ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో వార్డు నర్సుని. ఫ్లూరోనా అనేది 2022 జనవరిలో పేపర్ల వాళ్లు అంటించిన పేరు, ఇజ్రాయెల్‌లో ఒక గర్భిణికి రెండూ ఉన్నాయని తేలినప్పుడు. కొత్త వైరస్ ఏమీ కాదు, రెండు పాత వైరస్‌లు ఒకే ఇంట్లో అద్దెకి దిగడం అంతే. 2020 మొదట్లోనే ఇలాంటి కేసులు ఉన్నాయి. తర్వాత లాక్‌డౌన్‌లు, మాస్కులతో ఫ్లూ దాదాపు కనపడకుండా పోయింది కాబట్టి మనం మర్చిపోయాం. ఇన్‌ఫ్లుయెంజా బి లో యమగాటా అనే రకమైతే 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు, దాన్ని టీకాలోంచే తీసేశారు.

మా దగ్గర చలికాలం ఎవరు అడ్మిట్ అయినా ఒకే పుల్లతో ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వి మూడూ చూస్తాం. ఎందుకో చెబితే మీకు నవ్వొస్తుంది, మాకు పెద్ద టెన్షన్ బెడ్ల గురించే. ఫ్లూ వాళ్లందర్నీ ఒక గదిలో, కోవిడ్ వాళ్లందర్నీ ఇంకో గదిలో పెట్టొచ్చు. రెండూ ఉన్న మనిషిని ఎక్కడ పెట్టాలి? ఫ్లూ గదిలో పెడితే వాళ్లకి కోవిడ్ అంటిస్తాడు, కోవిడ్ గదిలో పెడితే వాళ్లకి ఫ్లూ. ఆయనకంటూ తలుపున్న విడి గది కావాలి. ఒక రాత్రి ఆ ఒక్క గది ఖాళీ చెయ్యడానికి నేనూ సిస్టరూ ముగ్గురు పేషెంట్లని అటూ ఇటూ మార్చాం, తెల్లారి నాలుగైంది.

అలాంటి వాళ్లు ఇద్దరు ఒకే వారంలో వచ్చారు ఒకసారి. ఒకాయనకి 80 దాటాయి, రెండు టీకాలూ వేయించుకున్నారు, ఐదో రోజు టీ తాగి ఇంటికెళ్లారు. ఇంకొకాయనకి యాభై ఐదు, విపరీతంగా సిగరెట్లు, ఐసీయూకి వెళ్లారు. కాబట్టి రెండు పాజిటివ్‌లు అనగానే ప్రాణం మీదకి వచ్చిందని అనుకోకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. ఇక్కడే యూకేలో పెద్ద స్టడీ ఒకటి చేశారు, 2022 మార్చిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి, ఇతర వైరస్‌ల టెస్టు కూడా జరిగిన 6,965 మందిలో 583 మందికి ఇంకో వైరస్ కూడా ఉంది, అందులో 227 మందికి ఫ్లూ. ఫ్లూ కూడా ఉన్నవాళ్లకి వెంటిలేటర్ అవసరం 4 రెట్లు, చావు 2 రెట్లకి పైగా ఎక్కువ.

---

లెక్కల_మాస్టారు:

లక్ష్మిగారూ, రెట్లు అనకండి, జనం హడలిపోతారు. అవి ఆడ్స్ నిష్పత్తులు, అంటే పోయినవాళ్లని మొత్తం మందితో కాక బతికినవాళ్లతో పోల్చి కట్టే లాంటి లెక్క, వెంటిలేటర్‌కి 4.14, మరణానికి 2.35. ఉదాహరణకి కోవిడ్ ఒక్కటే ఉన్న 100 మందిలో 20 మంది పోయారనుకుందాం, నిష్పత్తి 2.35 అంటే 47 మంది అని కాదు, 37 దగ్గర వస్తుంది. అదీ ఎక్కువే, కానీ 47 కాదు. పైగా ఆ 2.35 అనేది 1.07 నుంచి 5.12 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వాళ్లే రాశారు, చాలా వెడల్పు.

ఇంకో మెలిక. ఆ కాలంలో యూకే ఆస్పత్రుల నుంచి వాళ్లు వివరాలు తీసుకున్న కోవిడ్ పేషెంట్లు 2,12,466 మంది. అందులో రెండో వైరస్ టెస్టు లెక్కకి దొరికింది ఆ 6,965 మందికే. ఎవరికి చేసి ఉంటారు? బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకే ఎక్కువ చేసి ఉంటారు. దాన్ని లెక్కల్లో సరిచేసే ప్రయత్నం చేశారు కానీ, 2021 డిసెంబర్‌తో ఆగిన లెక్కలు అవి, ఒమిక్రాన్‌కి ముందువి, చాలావరకు టీకాలకి కూడా ముందువి. మూడు డోసులు వేయించుకుని ఇంట్లో మంచం మీద కూర్చుని కూతురి మీద విసుక్కుంటున్న మనిషికి ఆ అంకెలు అచ్చంగా వర్తించవు.

---

ఊపిరి_పీజీ:

డ్యూటీ అయింది. మాస్టారు చెప్పింది నిజం, ఆ అంకెలు ఆస్పత్రి గుమ్మం ఎక్కిన వాళ్లవి. ఇంట్లో ఉన్నవాళ్లలో రెండూ వచ్చి మామూలు జ్వరంలా తగ్గిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, టెస్టే చేయించుకోరు కాబట్టి లెక్కలోకి రారు.

మామయ్యగారి మాటలో కూడా ఇసుమంత నిజం ఉంది, ఆయనకి చెప్పండి సంతోషిస్తారు. ఒక వైరస్ వచ్చినప్పుడు మన కణాలు ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి, చుట్టుపక్కల కణాలన్నీ తలుపులు వేసుకుంటాయి, రెండోది దూరడం కష్టమవుతుంది. 2020 మొదట్లో ఇంగ్లండ్‌లో చూసినప్పుడు ఫ్లూ ఉన్నవాళ్లకి కోవిడ్ కూడా తేలడం సగానికి పైగా తక్కువ. కానీ తక్కువ అంటే సున్నా కాదు. రెండూ ఉన్నవాళ్లు అప్పుడు 58 మంది దొరికారు, వాళ్ల పరిస్థితి కోవిడ్ ఒక్కటే ఉన్నవాళ్ల కంటే దారుణంగా ఉంది. మన దగ్గర ఫ్లూ ఏటా రెండుసార్లు పెరుగుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి. అదే టైంలో కోవిడ్ కూడా తిరుగుతుంటే, పండగ బస్సుల్లో కిటికీలు మూసుకుని ఏడు గంటలు కూర్చుంటే రెండూ అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. రెండూ మీ తమ్ముడి నుంచే వచ్చాయని కూడా అనుకోనక్కర్లేదు, పాపం.

ఇక స్టెరాయిడ్. బాబాయ్‌గారు 2021లో ఆక్సిజన్ మీద ఉండి ఉంటారు. డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడుతుందని 2020లో రికవరీ అనే పేరున్న ట్రయల్‌లో తేలింది అలాంటి వాళ్లకే. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభం కనపడలేదు, నష్టం ఉండొచ్చు. ఫ్లూలో అయితే స్టెరాయిడ్ పడ్డవాళ్లలో మరణాలు ఎక్కువగా కనపడ్డాయి, అందుకే దాని దగ్గర మేం వెనకాడతాం. రెండూ ఉండి, 96 ఆక్సిజన్ ఉన్న షుగర్ పేషెంట్‌కి మొదటి వారంలో స్టెరాయిడ్ ఇస్తే వైరస్‌కి దారి వేసినట్టు, షుగర్‌కి ఎరువు వేసినట్టు. బ్లాక్ ఫంగస్ రోజులు ఇంకా మర్చిపోలేదు కదా ఎవరూ. అజిత్రోమైసిన్ కూడా ఈ రెండిట్లో దేన్నీ ముట్టుకోదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 (ఫ్లూ ఎ లో ఒక రకం) దగ్గులు ఊరంతా ఉన్నప్పుడు డాక్టర్ల సంఘం ఐఎంఏ వాళ్లే ఊరికే యాంటీబయాటిక్స్ వాడొద్దని బతిమాలారు.

కోవిడ్‌కి ఏమీ లేదా అంటే ఉంది. నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపిన మాత్రలు, లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు, మీ నాన్నగారి లాంటి వాళ్ల కోసమే. ఒసెల్టామివిర్‌తో కలిపి వాడొచ్చు, వాటికి గొడవ లేదు. గొడవంతా ఆయన రోజూ వేసుకునే వాటితో. అటోర్వాస్టాటిన్ ఆ ఐదు రోజులూ ఆపాల్సి రావచ్చు, ఆమ్లోడిపిన్ ప్రభావం పెరిగి బీపీ పడిపోవచ్చు. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ కాదు, మాత్రల స్ట్రిప్పులే సంచీలో వేసుకుని తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. (చిన్న సంగతి, ఈ రెండు మందుల జెనరిక్‌లూ మన హైదరాబాద్ హెటెరో వాళ్లు చేస్తారు.)

అన్నిటికంటే ముఖ్యమైంది తేదీలు. ఫ్లూ గబగబా వస్తుంది, ముదిరితే మూడు నాలుగు రోజుల్లోనే ముదురుతుంది, లేదా తగ్గినట్టు తగ్గి ఐదారు రోజులకి మళ్లీ జ్వరం, రంగు కఫం వస్తే వెనకాల బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చిందని. కోవిడ్ అలా కాదు, నెమ్మదిగా ఉండి ఏడో రోజు నుంచి పదో రోజు మధ్యలో ఆయాసం తెస్తుంది. రెండూ ఉన్న మనిషికి నాలుగో రోజు జ్వరం తగ్గిందని ఆక్సీమీటర్ అల్మారాలో పెట్టేయకండి. రెండు వారాలు చూడాలి. చేతులు వెచ్చగా చేసి, వేలు కదపకుండా నిమిషం ఉంచి చదవండి, తెల్లవారుజామున చల్లటి వేళ్లకి 90 చూపించడం మామూలే. అలా చేసినా 93, అంతకన్నా తక్కువ వస్తే, మాట తడబడితే, మత్తుగా పడుకుంటే, మూత్రం తగ్గితే రాత్రైనా సరే బయల్దేరండి.

అమ్మగారికి ఎలా ఉంది? ఆయన గదిలో కిటికీ తీసి, లోపలికి వెళ్లేటప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. ఆమెకి ఆస్తమా లాంటిది ఏమైనా ఉంటే ముందు జాగ్రత్తగా ఒసెల్టామివిర్ వెయ్యాలా అని డాక్టర్‌ని అడగండి.

---

తెనాలి_పిల్ల:

రాత్రి మీ మొదటి మెసేజ్ చూడగానే మాత్ర వేసేశాం. థ్యాంక్యూ డాక్టర్‌గారూ. ఆర్‌ఎంపీకి ఫోన్ చేస్తే, డెక్సానే అమ్మా, ఒళ్లు నొప్పులు లాగేస్తుందని వేశాను, అందరికీ ఇస్తాను అన్నాడు తాపీగా. అంటే మీరు చెప్పిన ఆ స్టెరాయిడ్డే. నాన్న ఆ రెండు రోజుల్లో మూడు బిళ్లలు మింగారు. ఇవాళ గుంటూరు డాక్టర్ అది విని ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ పొట్లం చించి చెత్తబుట్టలో వేశారు. మూడు బిళ్లలే కాబట్టి ఒక్కసారే ఆపేసినా ఫర్వాలేదన్నారు. కొన్నాళ్లు ఇన్సులిన్ రాశారు, కోవిడ్ మాత్రలు కూడా మొదలుపెట్టారు, అటోర్వా ఆపించారు.

---

స్వాబ్_గాడు:

కంట్రోల్ సంగతి అడిగారా?

---

తెనాలి_పిల్ల:

అడిగాను అండి. శుభ్రంగానే వచ్చిందట, కావాలంటే గ్రాఫ్ పంపిస్తాం అన్నారు. మామయ్యకి చూపిస్తానన్నాను.

తొమ్మిదో రోజు అప్‌డేట్. జ్వరం ఐదో రోజుకి పోయింది, షుగర్ 180కి దిగింది, ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒక్కసారి 93 వచ్చింది, మీరు రాసింది గుర్తుండబట్టి ఆగకుండా తీసుకెళ్లాం, ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు, సాయంత్రానికి 96. దగ్గు మాత్రం వదల్లేదు. అమ్మకి ఫ్లూ ఒక్కటే వచ్చింది, తేలిగ్గా పోయింది. ఒక డౌట్, నాన్నకి ఇప్పుడు ఫ్లూ టీకా వేయించొచ్చా, వచ్చిపోయింది కదా, అవసరం ఉందా?

---

ఊపిరి_పీజీ:

అవసరమే. వచ్చింది ఒక రకం, టీకాలో మూడు రకాలైనా ఉంటాయి, రకాలు కూడా ఏటా మారుస్తారు. పూర్తిగా కోలుకున్నాక వేయించండి, ఆ తర్వాత ప్రతి ఏడూ. కోవిడ్ బూస్టర్ ఎప్పుడైనా డాక్టర్ చెబితే రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చు, చెరో చేతికి. దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది, దానికి మళ్లీ ఆ ఆర్‌ఎంపీ దగ్గరికి మాత్రం పోకండి.

---

తెనాలి_పిల్ల:

పోను. మామయ్యకి నిన్న రాత్రి నుంచి 101 జ్వరం. మనం వెళ్లిన ల్యాబ్ ఎన్నింటికి తెరుస్తారమ్మా అని పొద్దున్నే ఫోన్ చేశారు.